టీవీలో నేను చెప్పిన మాట

బడ్జెట్ రోజు సాయంత్రం నంద్యాల కేబుల్ ఛానెల్ విలేకరి ఒకతను మా కాలేజీకి వచ్చాడు. ఎకనామిక్స్ చెప్పేది నేనే కాబట్టి ప్రిన్సిపాల్ నన్ను ముందుకు తోశారు. పన్నుల గురించి ఏమేం చెప్పాలో స్టాఫ్‌రూంలో కూర్చుని మననం చేసుకున్నాను. తీరా అతను మొదట అడిగింది ఆర్థిక మంత్రి చీర గురించి.

"బాగుంది" అన్నాను. మహిళగా ఆమె మీకు స్ఫూర్తేనా అన్నాడు. అంతసేపు ఓపికగా ప్రసంగం చదివారు, అందుకు మెచ్చుకోవాలి అన్నాను. చివర్లో పన్నుల సంగతి వచ్చింది. ఆదాయపు పన్ను తగ్గించడం జీతగాళ్లకు మేలేనని, కూలీలకు, చిన్న రైతులకు దానివల్ల ఒరిగేదేమీ లేదని, వాళ్లు సబ్బు కొన్నా పన్ను కడుతూనే ఉన్నారని చెప్పాను. అలా చెప్పాననే అనుకుంటున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక ఆళ్లగడ్డలో అక్కావాళ్లింటికి వెళ్లాను. బావకు రుద్రవరం దగ్గర సేద్యం. చెప్పులు విప్పకముందే ఫోనులో నా వీడియో పెట్టి ముఖానికి ఎదురుగా పట్టాడు.

"ఏమ్మే, పన్ను తగ్గించి మేలు చేసినారని చెప్తాండావ్. యాడ తగ్గింది?"

"అది ఆదాయపు పన్ను బావా."

"నా సేద్యానికి ఆ పన్నే లేదు గదా. మందులకు, పైపులకు కడతాండా. దాని గురించి ఒక్క మాటన్నా చెప్తివా?"

"చెప్పాను."

"ఈడ లేదే!"

నిజంగానే లేదు. 'మేలే' అన్నచోట వీడియో ఆగిపోయింది. కింద 'ఆర్థిక మంత్రిపై లెక్చరర్ ప్రశంసలు' అని రాశారు.

అంతలో పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు వచ్చారు. ఆయన ముఖం ముడుచుకుని ఉంది.

"ఏంది పాపా, ఒరిగేదేమీ లేదనేసినావు? నాలాంటి పెన్షన్‌దారులకు ఎంత వెసులుబాటో తెల్సా? చదువుకున్నదానివి, మంత్రిని అట్ల అనొచ్చునా?"

ఆయన ఫోనులో, టీవీలో వచ్చినదాంట్లోంచి వేరెవరో కత్తిరించి పెట్టిన వీడియో ఉంది. అందులో 'ఒరిగేదేమీ లేదు' దగ్గర్నుంచి నా చివరి మాటలే ఉన్నాయి. రెండు ఫోనుల్లోనూ నీలం చీర కట్టుకుని తల ఊపుతున్నది నేనే. రెండూ నేనన్న మాటలే.

బావ, సారు ఒకరిమీద ఒకరు గొంతు పెంచుకున్నారు. అక్క వంటింట్లోంచి వచ్చి కసిరింది.

"ఉండండప్పా, దాన్ని మాట్లాడనీండి!"

ఇద్దరూ నావైపు తిరిగారు. మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పాను. బావ శ్రద్ధగానే విన్నాడు.

"అంటే మంచిదా, చెడ్డదా?"

"కొందరికి..." అని మొదలుపెట్టాను.

బావ చేతులు కడుక్కోవడానికి లేచాడు. సారు పేపరు అడిగి తీసుకెళ్లారు. అన్నం తినేటప్పుడు అక్క మాత్రం, టీవీలో నేను కొంచెం లావుగా కనిపించానంది.

తిరుగు బస్సులో ఆలోచిస్తూ కూర్చున్నాను. మేలు సంగతి ముందు చెప్పానా, సబ్బు సంగతా? ఎంత తలచుకున్నా ఆ రెండు వీడియోలే కళ్లముందుకొచ్చాయి. మర్నాడు ఛానెల్‌కు ఫోన్ చేసి పూర్తి రికార్డింగు ఇమ్మన్నాను. చెరిపేశారట. "బాగా మాట్లాడినారు మేడం, వ్యూస్ కూడా వచ్చినాయి" అన్నాడు విలేకరి. థాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

మరుసటి బడ్జెట్‌కు ఛానెల్‌వాళ్లు మళ్లీ పిలిచారు. వెళ్లకూడదనే అనుకున్నాను. వెళ్లాను.