అడగని మీసం

2022 చలికాలంలో ఒక ఆదివారం, ప్రొద్దుటూరులోని మా సెలూన్‌లో, ఎవరూ తీయమని చెప్పని మీసాన్ని నేను తీసేశాను. దానివల్ల పులివెందులలో బతికున్న ఒక పెద్దమనిషి చచ్చిపోయినవాడయ్యాడు. జమ్మలమడుగు అమ్మాయితో కుదిరిన అతని కొడుకు పెళ్ళి ఆగిపోబోయింది. మీసానికి ముందు చేసిన తప్పు మరొకటి ఉంది. అసలు పెద్దది అదే.

ఆ పెద్దమనిషి పేరు పుల్లయ్య. చీనీతోట, అంటే బత్తాయి తోట ఉన్న రైతు. మా నాయన కాలం నుంచీ తెలిసినవాడు, నాకు వరసకు మామ. కొడుకు ఓబులేసు డ్రిప్ పైపుల దుకాణంలో పనిచేస్తూ రోజంతా బైకు మీద తోటల వెంట తిరుగుతాడు. పెళ్ళిచూపులు అయిపోయాయి, తాంబూలాలు మిగిలాయి. బంగారం చూడడానికి మా ఊరికి వచ్చి, పనిలో పనిగా నా దగ్గరికి వచ్చారు.

"వీని తల చూడప్పా రమణా. దువ్వెన పెడితే పిడికెడు ఊడొస్తాండాయి. గుండు కొట్టు. పెండ్లి ఎండాకాలంలో గదా, అప్పటికి గుబురుగా వస్తాయి" అన్నాడు మామ.

గుండు కొడితే జుట్టు ఒత్తుగా వస్తుందనే నమ్మకం మా వైపు ప్రతి ఇంట్లో ఉంది. అది నిజం కాదని నా వృత్తిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. కొత్తగా మొలిచిన వెంట్రుక కొన తెగి మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. చర్మం కింద ఎన్ని వేర్లున్నాయో అన్నే వెంట్రుకలు వస్తాయి. కానీ ఆ రోజు బెంచీ నిండా జనం. ఒక పెద్దాయనతో వాదించే సమయంలో ముగ్గురికి కటింగ్ అయిపోతుంది. "అట్నే మామా" అన్నాను. మామ ఊళ్ళోనే ఉన్న చెల్లెలింటికి బయలుదేరుతూ, "నేను రేపొస్తా, నువ్వు బస్సుకు పో" అని కొడుక్కి చెప్పి వెళ్ళిపోయాడు.

ముందు ట్రిమ్మర్‌తో, అంటే కరెంటుతో నడిచే కత్తిరింపు మిషన్‌తో, జుట్టు దించాను. తర్వాత తల తడిపి రుద్దుతుంటే ఓబులేసు కునికిపాట్లు పడ్డాడు. కత్తి తిప్పాను. మా నాయన వెంట పెన్న ఒడ్డున కర్మలకు వెళ్ళి పని నేర్చుకున్న చెయ్యి నాది. అక్కడ తల అయిన వెంటనే మీసం. నా కన్ను బయట టీ తెచ్చే మనిషి మీద ఉంది, చెయ్యి తన దారిన తాను పోయింది. చూసుకునేసరికి ఎడమవైపు మీసం లేదు. ఒకవైపు పోయాక రెండోవైపును ఉంచి ఏం లాభం?

ఓబులేసు కళ్ళు తెరిచి అద్దంలో చూసుకుని, "ఏందన్నా ఇది!" అన్నాడు.

"మీసం గూడా ఒత్తుగా వస్తాదిలే అబ్బీ" అన్నాను. ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా సీమలో నున్నటి గుండుతో, మీసం లేకుండా, తలమీద తువ్వాలు వేసుకుని, నేల చూపులు చూస్తూ ఒక యువకుడు ఒంటరిగా బస్సు దిగితే దానికి అర్థం ఒక్కటే. పులివెందుల బస్టాండులో అమ్మాయి మేనమామ అతన్ని చూశాడు. దుఃఖంలో ఉన్నవాణ్ణి కదిలించడం ఎందుకని పలకరించకుండా జమ్మలమడుగుకు ఫోన్ చేశాడు. ఒక రోజు గడిచాక అమ్మాయి తరఫువాళ్ళు పరామర్శకు వచ్చారు. అమ్మాయి అవ్వ వీధి మొగదలలోనే శోకాలు మొదలుపెట్టింది. "ఎంత మంచోడివి నాయనా పుల్లయ్యా" అంటూ ఆమె వాకిట్లో కూలబడితే, పళ్ళు తోముకుంటూ పుల్లయ్య మామే బయటికొచ్చి, "ఎవరు పోయినారు పెద్దమ్మా?" అని అడిగాడట.

అందరూ నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ అవ్వ నవ్వలేదు. "ఏడుస్తా ఆ గడప తొక్కినాము. ఆ ఇంటికి పిల్లనెట్ట ఇచ్చేది?" అని ఇంటికెళ్ళి పట్టుబట్టింది. తాంబూలాలు ఆగిపోయాయి.

మర్నాడు మామ మా సెలూన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమప్పా, నా తద్దినం ఏపొద్దు పెట్టినావు? బోజనానికి నేను గూడా వస్తా."

బెంచీ మీద ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మామ కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "వాడు రెండుదినాలుగా కూడు తినలేదు రా. ఆ పిల్లంటే వానికి శానా ఇష్టం" అన్నాడు గొంతు తగ్గించి. నేను కుర్చీలో ఉన్న మనిషికి గడ్డం ముగించి షట్టర్ దించేశాను. ఇద్దరం జమ్మలమడుగు బస్సెక్కాం.

అవ్వ వరండాలో కూర్చుని ఉంది. చేతులు కట్టుకుని తప్పు నాదేనని చెప్పాను.

"ఆ మీసం నీకేం అడ్డమొచ్చింది నాయనా?"

"అడ్డం కాదవ్వా, అలవాటు. కర్మల కాడ పని నేర్చిన చెయ్యి. తల అయితానే మీసానికి పోయింది."

అవ్వ నన్నూ మామనూ మార్చిమార్చి చూసింది. "సచ్చినాడని మాట పుడితే ఆయుష్షు పెరుగుతాదంటారులే" అంది చివరికి, సగం మనసుతో.

మామ ఆ మాటను కింద పడనివ్వలేదు. "నువ్వు ఏడ్చిన ఏడుపుకు నాకు ఇంకో ఇరవైఏండ్లు ఖాయం పెద్దమ్మా. ఊరంతా ఇన్నారు. నా పెండ్లాం గూడా అట్ట ఏడ్సదు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు భుజాలు కదిలాయి. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అమ్మాయి, సుజాత, నావైపు తిరిగింది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తుంది.

"మీసం సంగతి సరే. అసలు గుండెందుకు కొట్టినావన్నా?"

"ఎంటికలు రాలుతాండాయని, ఒత్తుగా వస్తాయని..."

"గుండు కొడితే ఒత్తుగా వస్తాయా?"

"రావమ్మా."

"తెలిసే కొట్టినావా?"

"తెలిసే కొట్టినా."

మామ గభాలున నావైపు తిరిగాడు. పొద్దున సెలూన్ గుమ్మంలో ఎత్తిపొడిచినట్టు ఎత్తిపొడవలేదు. "ఒక్క మాట చెప్పింటే ఇనేవాణ్ణి గదప్పా" అన్నాడు. నా తప్పు మీసం కాదు, ఆ చెప్పని ఒక్క మాట అని అప్పుడు తెలిసింది.

సుజాత మామను అడిగింది, కొడుక్కి ఈ మధ్య జ్వరం వచ్చిందా అని. మూడు నెలల కిందట చికున్‌గున్యాతో మంచం పట్టాడన్నాడు. "అయితే అది షెడ్డింగ్ మామా" అంది. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు వెంట్రుకలు కుప్పగా రాలడాన్ని అలా అంటారు. వేరు చావదు కాబట్టి చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు దానంతటదే తిరిగి వస్తుంది. రాకపోతే డాక్టరుకు చూపించాలి. బట్టతల అయితే నుదుటి పక్కలా, నడినెత్తినా మెల్లగా పలచబడుతుంది. ఓబులేసు జుట్టు తలంతా ఒకేలా ఊడుతోంది. అది నా చేతికి తగిలింది కూడా. తగిలినా అడగలేదు.

ఆమె ఇంకా అడిగింది. తలకు ఏం రుద్దుకుంటాడు? ఒంటి సబ్బే, బోరునీళ్ళతో. తల ఆరాక హెల్మెట్ పెడతాడా? తడితలకే. నేను వింటూ నిలబడ్డాను. మా బోర్లలో వచ్చే ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాక జిగురులా తలకు పట్టేస్తుంది. తడిసిన వెంట్రుక సాగుతుంది, దువ్వితే తెగుతుంది. ఇవన్నీ నాకు రోజూ అద్దంలో కనిపించే సంగతులే.

తాంబూలాలకు అవ్వ మళ్ళీ ఒప్పుకుంది. నేను పులివెందులకు వెళ్ళి ఓబులేసు దగ్గర కూర్చుని, సెలూన్‌లో చెప్పవలసినవన్నీ చెప్పాను. జుట్టు వచ్చాక షాంపూను చెంబు నీళ్ళలో కలిపి పోసుకో. చివరి చెంబు మాత్రం సప్పనీళ్ళు, అంటే ఉప్పు లేనివి, పోసుకో. తువ్వాలుతో రుద్దకు, అద్దు. ఆరాకే హెల్మెట్. పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన వాడు. నూనె పెట్టుకుంటే స్నానానికి కాసేపు ముందు పెట్టుకో, నూనెతలతో తోటల దుమ్ములో తిరగొద్దు. అతను అన్నీ విని, "మీసానికి గూడా ఇవేనా అన్నా?" అన్నాడు. తిట్టినా అంత నొచ్చుకునేవాణ్ణి కాదు.

అప్పటినుంచి జుట్టు ఒత్తుగా రావడానికి గుండు కొట్టమని వచ్చేవాళ్ళను కూర్చోబెట్టి కారణం అడుగుతాను. మొక్కు అయితే కత్తి తీస్తాను. కాకపోతే మాట్లాడతాను. బెంచీ మీదివాళ్ళు "ఏంది రమణా, ఈ పొద్దు గూడా పాఠమేనా?" అని సణుగుతారు. సణగనీ.

ఎండాకాలానికి ఓబులేసు తలనిండా జుట్టు వచ్చింది. నా కత్తివల్ల కాదు. పెళ్ళికొడుకును చేసేరోజు పిలవకుండానే పులివెందులకు వెళ్ళాను. పీట మీద కూర్చోబెట్టి, గోళ్ళు తీసి, గడ్డం గీసి, చెయ్యి ఆపాను. అందరూ వినేలా గట్టిగా అడిగాను.

"మామా, మీసం?"

పందిరి కింద నుంచి పుల్లయ్య మామ అరిచాడు.

"ముట్టుకున్నావంటే ఈసారి నిజంగానే పోతా!"

కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాను.