జయానందం సారు గుండ్రం తొవ్వ

మెదక్‌లో జయానందం సారుకు ఒకే ఒక్క జబ్బు. పోయిన దారిన తిరిగి రారు. తక్కినదంతా బంగారం. మిషన్ బడిలో లెక్కలు చెప్తారు, ఏ పిల్లవాణ్ణీ బెత్తంతో ముట్టరు, ఆదివారం వాక్యం చదివితే గోడమీది బల్లి కూడా కదలకుండా వింటుంది. కానీ గడప దాటారంటే మాత్రం, ఆ మనిషి ఎటు పోతున్నారో చెప్పగలం గానీ ఎటునుంచి ఊడిపడతారో దేవుడికే ఎరుక.

ఉప్పు పొట్లం కోసం బజారుకు పోతే, పోయేటప్పుడు రషీద్ భాయి కిరాణా కొట్టు ముందునుంచి తిన్నగా పోతారు. వచ్చేటప్పుడు చర్చి ప్రహరీ చుట్టి, దవాఖాన వెనక సందు దూరి, ఎవరి పెరట్లోనో ఆరేసిన చీరల కింద వంగి, చెమటలు కక్కుకుంటూ ఇల్లు చేరతారు. అప్పటికి పప్పు ఉప్పులేకుండానే ఉడికి, చల్లారి, ఆయనకోసం చూసి చూసి గడ్డకట్టి ఉంటుంది. చర్చిలో ఒక తలుపున పోయి ఇంకో తలుపున బయటికి వస్తారు. చెప్పులు మొదటి తలుపు దగ్గరే ఉండిపోతాయి. వాటికోసం వట్టి కాళ్ళతో చర్చి చుట్టూ తిరగాలి. ఎండాకాలం ఆ బండలమీద ఆయన వేసే గంతులు చూడడానికి, ప్రార్థనకు రానివాళ్ళు కూడా వచ్చేవారు.

ఆయన పెండ్లినాడయితే ఊరు ఊరంతా నివ్వెరపోయింది. పెండ్లికూతురు జ్ఞానమ్మది చేగుంట. తిన్నటి బాటన బండ్లు కట్టుకుని పోయారు. తిరిగొచ్చేటప్పుడు పెండ్లికొడుకు బండివాడి చెవిలో ఏదో ఊదారు. ఇక్కడ ఊరిబయట సంఘపెద్దలు పూలదండలతో, బాజావాళ్ళు బాజాలతో, ఆ బాట వంక కండ్లు కాయలు కాసేలా చూస్తుంటే, కొత్త జంట రామాయంపేట మీదుగా చుట్టివచ్చి, అవతలి వైపునుంచి ఇంట్లో దిగి, కాళ్ళు కడుక్కుని అన్నం తిని కూచుంది. వచ్చి వాయించకుండా పోవడం బాజావాళ్ళకు మనసొప్పలేదు. అటుగా వస్తున్న గొర్రెలమందను వాయించుకుంటూ ఊళ్ళోకి తెచ్చారు.

ఈ వింతలకు అందరికన్నా పెద్దగా నోరు తెరిచేది ఎలిశిబా టీచరమ్మ. అదే బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. మనిషి భారీ, మనసు మెత్తన, కుడి మోకాలు మాట వినదు. ఏది చూసినా గుండెమీద చెయ్యి వేసుకుని “యేసయ్యా!” అనడం ఆమె అలవాటు. జయానందం సారు పక్కబడిలో కొలువు చేసి ఉంటే ఆమె చెయ్యి ఇంత అరిగేది కాదని తోటివారు నవ్వేవారు.

ఆమెకు ఒక్కటే కోరిక. పోచారం దిక్కు అడవిగుట్టల్లో ఒక్కరోజు కడుపునిండా తిరగాలి. మిద్దె ఎక్కితే నీలంగా కనబడే ఆ గుట్టలను పుట్టినప్పటినుంచీ చూస్తున్నది. కిందటేడు క్రిస్మస్ దాటాక ఉపాధ్యాయులంతా అక్కడికి షికారు పోయారు. తిన్నగా ఎక్కడం, తిన్నగా దిగడం. ఎలిశిబా నడిమిట్లోనే ఒక గుండురాయి మీద కూలబడింది. అందరూ పైకిపోయారు. దిగివస్తూ డ్రిల్లు మాస్టరు అస్గర్ సారు చేతినిండా ఉసిరికాయలతో ఎదురై, “అరే అమ్మగారూ, మీరింక ఈడనే ఉన్నరా?” అన్నాడు. చెడ్డమనసుతో అనలేదు. రెండు కాయలు ఆమె ఒళ్ళో కూడా వేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఇక ఆ గుట్టల మొఖం చూడనని ఒట్టు పెట్టుకుంది.

ఈ ఏడు మళ్ళీ షికారు మాట వచ్చినప్పుడు ఆమె తలెత్తకుండా కుట్టుకుంటూ కూచున్నది. హెడ్మాస్టరు కృపాదానం గారు గొంతు సవరించుకున్నారు.

“మస్తు కష్టం వద్దు, మరీ అల్కగ వద్దు. పొద్దున పోయి సాయంత్రం రావాలె. ఎవరు చూస్తరు ఆ బందోబస్తు?”

“నేను చూస్త సార్,” అన్నారు జయానందం సారు.

గది గదంతా ఉలిక్కిపడింది. బస్టాండుకు పోవడానికే ఊరు చుట్టే మనిషి అడవిలో దారి చూపుతాడట! ఎవరైనా ఏదైనా అనేలోపలే ఆయన గబగబా వచ్చి, ఎలిశిబా చేతిలోని గుండ్రటి కుట్టు ఫ్రేమును లాక్కుని బల్లమీద పెట్టారు. సూది దారానికి వేలాడుతూ ఉండిపోయింది.

“ఇగో, గీ చుట్టున్న కట్టెనే మన తొవ్వ. నడుమ బట్టనే గుట్ట. గుట్టను కుడిచెయ్యి దిక్కు ఉంచుకొని నడుస్తం. బయలెల్లిన అడివి చౌకీ కాడికే మళ్ళొస్తం.”

“మరి గుట్ట ఎప్పుడెక్కుతం?” అస్గర్ అడిగాడు.

“ఎక్కం.”

“గుట్టకు పోయి గుట్ట ఎక్కమా? యా అల్లా! దావత్‌కు పోయి చేతులు కడుక్కొని వస్తమా సాబ్?”

“చుట్టు తిరిగితె మస్తున్నది అస్గర్ భాయ్. వాగున్నది, టేకువనమున్నది, నెమళ్ళున్నయి.”

“మా ఇంటి చుట్టు గూడ మస్తున్నది. కోళ్ళున్నయి!”

నవ్వులు సద్దుమణిగాక జయానందం సారు ఫ్రేమును ఎలిశిబాకు తిరిగి ఇస్తూ, “మీ పేరు గూడ రాయాల్నా అమ్మా?” అన్నారు. “నాకు ఖాళీ లేదు సార్,” అందామె, సూది కోసం వెతుక్కుంటూ.

అప్పటినుంచి శనివారం వస్తే చాలు, ఆయన పొద్దున బస్సుకు అడవికి పోయి దారి చూసుకుని వచ్చేవారు. చొక్కాకు ముళ్ళు, జేబులో రేగుపండ్లు. ఒక శనివారం మాత్రం ఘోరం జరిగిపోయింది.

అడవి మొదట్లో ఉన్న చౌకీకి కొత్తగా లక్ష్మయ్య అనే జవాను వచ్చాడు. పాపం, అతనికి సారు సంగతి తెలియదు. పొద్దున లోపలికి పోయిన మనిషి పొద్దుగూకుతున్నా బయటికి రాలేదు. ఎట్లా వస్తారు? చౌకీనుంచి ఇంటికి కూడా వేరే దారి కనిపెట్టి, అడవి అవతలి పక్కన ఎక్కడో బండెక్కి ఆయన ఊరి దారి పట్టారు. లక్ష్మయ్య గుండె జారి, బస్సు డ్రైవరుతో కబురంపాడు: “మెదక్ సారును చిరుత ఎత్కపోయినట్టున్నది.” ఆ ‘నట్టున్నది’ గతుకుల రోడ్డుమీద ఎక్కడో జారిపడిపోయింది. మెదక్ చేరేసరికి చిరుత ఎత్తుకుపోవడమే కాదు, కళ్ళజోడు తప్ప ఏమీ మిగల్చలేదు.

కృపాదానం గారింట్లో సంఘమంతా పోగయింది. రషీద్ భాయి కొట్టు మూసి వచ్చి అరుగుమీద తలపట్టుకుని కూచున్నాడు. అస్గర్ సారు చిన్నపిల్లవాడిలా వెక్కుతున్నాడు. జ్ఞానమ్మ ఒక్కతే ఏడవలేదు. “చిరుత వచ్చే తొవ్వల ఆయన ఉండడు. అన్నం మూతపెట్టి వచ్చిన,” అన్నది. ఆ మాట విని ఆడవాళ్ళు ఆమెకు మతి చలించిందనుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు.

అందరూ మోకరించారు. “నీ దాసుని మా నడుమనుండి తీసుకొంటివి ప్రభువా,” అని కృపాదానం గారు మొదలుపెట్టారు. పెరటి తలుపు మెల్లగా తెరుచుకున్నది. ఎవరో వచ్చి వెనక వరసలో భక్తిగా మోకరించారు. ప్రార్థన ముగియగానే అందరికన్నా గట్టిగా “ఆమేన్!” అన్నారు. పక్కనున్న ఎలిశిబా వైపు వంగి, “ఎవరమ్మా పోయింది, పాపం?” అని అడిగారు.

ఎలిశిబా తల తిప్పి చూసింది. “యేసయ్యా!” అని వెనక్కి విరుచుకుని హార్మోనియం మీద పడింది. అది ఆమెకన్నా పెద్దగా అరిచింది.

బతికున్నందుకు ఆయన తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. కృపాదానం గారు, “షికారు బంద్! ఈ ఏడు లేదు, వచ్చే ఏడు లేదు!” అన్నారు. అన్ని తిట్లకూ చలించని జయానందం సారు ఆ ఒక్క మాటకు మాత్రం చేతులు జోడించారు.

“నన్ను ఏమన్న అనుండ్రి సార్. షికారు మాత్రం ఆపకుండ్రి. మీకు దండం పెడ్త.”

ఎలిశిబాకు ఇదే అన్నిటికన్నా పెద్ద వింతగా తోచింది. తిరుగుడు ఆయనకు కొత్త కాదు, కానీ చేతులు జోడించడమేమిటి? తెల్లారి ఉండబట్టలేక జ్ఞానమ్మ దగ్గరికి పోయింది. ఆమె చాటలో బియ్యం చెరుగుతున్నది.

“ఏం మనిషి వదినా మీ ఆయన? సీదా రానికే ఏమైతది? హార్మోనియం పాయె, నా నడుం పాయె!”

“నేను గూడ పెండ్లినాడు గిట్లనే మొత్తుకున్న వదినా. బాజా లేకపాయె, దండ లేకపాయె. పిల్లలు పుట్టినంక గాని చెప్పలే.” జ్ఞానమ్మ మట్టిగడ్డలేరి పారేసింది. “ఆ సీదా బాట మీద ఓ ఊర్ల ఈయనకు ముందుగాల ఓ పిల్లను చూసిన్రట. ముచ్చటంత అయినంక వాళ్ళ నాయన సచ్చిపోయి సంబంధం ఆగిపోయింది. ఇల్లు బాట పక్కనే. ‘పోయేటప్పుడంటె వట్టి చేతులతోని, మాట్లాడకుంట పోయిన. నిన్ను బండ్ల కూసోబెట్టుకొని ఆ పిల్ల వాకిలి ముందరికెల్లి బాజాతోని ఎట్ల వస్త’ అన్నడు.”

ఎలిశిబా చెయ్యి గుండెమీదికి పోబోయి దారిలోనే ఆగింది.

“రషీద్ భాయి దుకాణంల ఈ నడుమ సరుకే ఉంటలేదు. ‘ఉప్పున్నదా భాయ్’ అని అడిగి, లేదంటె ఇంకో కాడ కొంటడు. మరి ఆ పొట్లం పట్టుకొని ఆయన కండ్ల ముందట రావాల్నా? అందుకే దవాఖాన సందు. నిండిన చేతులతోని పోయిన తొవ్వన రావద్దంటడు. అలవాటై అలవాటై ఇప్పుడు చర్చిల గూడ చెప్పులిడిచి వస్తుండు, అది మాత్రం ఉత్త పిచ్చినే.”

“మరి అడివి? అండ్ల ఎవరి దుకాణమున్నది?”

జ్ఞానమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. “ఎక్కినోళ్ళు దిగుకుంట ఎదురొస్తె, ఎక్కలేనోళ్ళు మొఖం ఏడ పెట్టుకుంటరు? గుండ్రం తొవ్వల ఎదురొచ్చేటోడే ఉండడు. ఎంత మెల్లగ నడిచినా ముందుకు పోయినట్టే. గట్ల అన్నడు. ఎవరి గురించని నేనడగలే.”

ఎలిశిబా నోట “యేసయ్యా” రాలేదు. లేచి తిన్నగా కృపాదానం గారింటికి పోయింది.

“సార్, షికారు పెట్టుండ్రి. నేను గూడ వస్త.”

“మీరా?” కృపాదానం గారి చేతిలోని చాయ సాసరులోకి ఒలికింది. “మోకాలో?”

“అది గూడ వస్తది సార్. దాన్ని ఈడ ఇడిచిపెట్టి రాలేను గదా.”

షికారు రోజున చౌకీ దగ్గర బస్సు దిగిన జయానందం సారును చూసి లక్ష్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. చిరుత మింగి కక్కిందా అన్నట్టు పైనుంచి కిందికి చూశాడు. సారు అందరినీ నిలబెట్టి చెప్పసాగారు: “గుట్ట ఎప్పుడు గూడ కుడిచెయ్యి దిక్కే ఉండాలె. ఆఖరికి పెద్ద ఇప్పచెట్టు కాడ...” ఆ ‘కాడ’ ఏం చెయ్యాలో అస్గర్ సారు వినలేదు. “చలో!” అని కుర్ర మాస్టర్లను వెంటేసుకుని, సద్దిమూట భుజాన వేసుకుని అప్పటికే టేకుల్లో మాయమయ్యాడు.

ఎలిశిబా తన నడక తాను నడిచింది. ఎండుటాకులు కాళ్ళకింద కరకరలాడాయి. ఎక్కడో నెమలి అరిచింది. మోకాలు మొరాయించబోయే ప్రతిచోటా జయానందం సారుకు ఏదో ఒక చెట్టు నచ్చేది. ఆగి దాని గురించి అంతసేపూ చెప్పేవారు. లెక్కల సారు కదా, చెప్పిందాంట్లో సగం తప్పు. తునికిచెట్టును నేరేడు అన్నారు. ఎవరూ దిద్దలేదు. ఎదురుగా ఒక్క మనిషీ రాలేదు. దారి మలుపు తిరుగుతూ ఉంటే నీలంగా ఉండే గుట్ట పచ్చగా మారి, రాళ్ళూ చెట్లూ తేలి, పక్కనే నడుస్తూ వచ్చింది. ఆమెకు తెలియకుండానే నోటికి కీర్తన వచ్చింది.

వాగు దగ్గర సద్దులు విప్పి తిని, నీళ్ళు తాగి లేవబోతుంటే వెనకనుంచి పెద్ద చప్పుడు. చిరుతేనని కృపాదానం గారు ఒక బండరాయి ఎక్కేశారు. వచ్చింది అస్గర్ సారు. నోరు తెరిచి రొప్పుతున్నాడు. కుర్ర మాస్టర్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వేలాడుతున్నారు. సద్దిమూట ముడి కూడా విప్పలేదు.

ఎలిశిబాను చూసి అస్గర్ కండ్లు తేలేశాడు.

“అమ్మగారూ! మీరు... మాకంటె ముందల ఎట్లొచ్చిండ్రు?”

“మీరు చౌకీ కాడ ఉండాలె గదా!” కృపాదానం గారు బండమీదనుంచే కేకవేశారు.

“చౌకీనే రాలే సార్! గుట్ట కుడిచెయ్యి దిక్కే ఉన్నది. ఇంక ఉన్నది. ఇంక ఉన్నది. గీ వాగు గూడ ఎక్కడనో చూసినట్టే ఉన్నది...”

ఇప్పచెట్టు దగ్గర చౌకీ వైపు మళ్ళకుండా గుట్టను చుట్టి, రెండో చుట్టు కూడా సగం కానిచ్చాడని అందరికీ ఒక్కసారే తట్టింది. అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఎవరో పకపకా నవ్వడానికి గాలి కూడా పీల్చారు.

నవ్వు బయటికి రాకముందే ఎలిశిబా, లేచినదల్లా, మోకాలు పట్టుకుని ధబీమని అస్గర్ సారు పక్కన కూలబడింది.

“జర ఆగుండ్రి సార్, అందరు కూసోండ్రి. ఒక్క అడుగు గూడ పడ్తలేదు నాకు. అస్గర్ సార్, మూట విప్పుండ్రి. మీరు తినేదాంక నా ప్రాణం కుదుటపడదు.”

నొప్పి లేదు, ఏమీ లేదు. అప్పుడే అన్నం తిన్న కాలు ఇంకా గుట్టంత దూరం నడుస్తానంటున్నది. ఉత్త అబద్ధం. అయినా ఆ ఒక్క అబద్ధానికి ప్రభువు కోప్పడడని ఆమెకెందుకో గట్టి నమ్మకం కుదిరింది.