కొంగల చెట్టు కింద పెండ్లి కారు

చాయ్ తాగుకుంట వినుండ్రి. మొన్న శ్రావణంల మా బామ్మర్ది నవీన్ పెండ్లి అయింది. పెండ్లి మంచిగనే అయింది. పిల్లా పిలగాడూ సుఖంగ ఉన్నరు. నేనే, అత్తగారింటికి పోవాలంటే ఇప్పటికీ జర ఆలోచిస్తున్న. కొంగల ఫొటోలు తియ్యబోయి తెచ్చుకున్న కష్టం ఇది.

మా అత్తగారిది ఎల్లారెడ్డి పక్కన ఊరు. నేనేమో కామారెడ్డిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తా. మా అత్తగారింట్ల ఒక పద్ధతి ఉన్నది, మీ ఇండ్లల్ల గూడ ఉండొచ్చు. అల్లునికి పని చెప్పరు. లగ్గం పెట్టుకున్నకాడి నుంచి అందరూ ఉరుకులాడుతుంటే, నేను పోతే మాత్రం కుర్చీ ఏస్తరు, ఫ్యాన్ నా దిక్కు తిప్పుతరు, చాయ్ ఇస్తరు. లేవబోతే "మీరు కూసోండ్రి" అంటరు. కూసొని కూసొని నాకే యాష్టకొచ్చింది. ఒక్కసారన్నా మా మామ నన్ను చూసి, అల్లుడు అక్కరకొచ్చిండు అనుకోవాల్నని నాకు బలంగ ఉండె.

అందుకే "నాక్కూడ ఒక పని చెప్పు మామా" అని ఎంటబడ్డ. మా మామ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను ఇడువకపోయేసరికి, "అయితే కారు తీస్కరా బిడ్డా" అన్నడు.

నవీన్ దోస్తుది ఒక నల్లకారు ఉన్నది. దాన్నే పెండ్లి కారు చెయ్యాలనుకున్నరు. కామారెడ్డిలో పువ్వుల డెకరేషన్ చేయించుకోని, పెండ్లి దినం పొద్దుగాల నేను ఇంటికి పట్టుకపోవాలె. పిలగాడు అండ్ల కూసోని బాన్సువాడ దిక్కు ఫంక్షన్ హాలుకు పోతడు. అంతే పని. స్టీరింగ్ పట్టుకోని రోడ్డు వెంబడి పోవుడు. ఇండ్ల చెడగొట్టేందుకు ఏమున్నది అనుకున్నరు వాళ్ళు. నేను గూడ అట్లనే అనుకున్న.

నాకు ఈ నడుమ పక్షుల ఫొటోల పిచ్చి పట్టింది. లెన్స్ ఉన్నది, మోచేయంత పొడుగు. ఎక్కడికి పోయినా ఎంట ఉంటది. ఎల్లారెడ్డి రోడ్డు మీద లింగంపేట దాటినంక రోడ్డు పక్కనే ఒక చెరువు వస్తది. వానకాలం వస్తే ఆ చెరువు నీళ్ళల్ల ఉన్న తుమ్మచెట్ల మీద కొంగలు, నీటికాకులు గూళ్ళు పెడతయి. కిరాయిండ్ల లెక్క పక్కపక్కకే ఉంటయి గూళ్ళు. పిల్లలు లేచిన దినాలు. టైం చూసిన. మస్తుగ ఉన్నది. ఒక్క పదినిమిషాలు ఆగితే ఏమైతది అనుకున్న. ఫొటోలు తీసేటోళ్ళ పదినిమిషాలు ఎంతుంటయో మీకెరికే.

అయితే నాకు బాధ్యత లేదనుకోకుండ్రి. ముసురు ఇడిచి ఎండ చురుక్కుమంటున్నది. డెకరేషన్ చేసినాయన మరీ మరీ చెప్పి పంపిండు, "సార్, ఎండల పెట్టకుండ్రి, పువ్వు వాడిపోతది" అని. అందుకే నీడ కోసం ఎతికిన. కట్ట పొంటి మూడు చింతచెట్లు, గుబురుగ, సూర్యుడు కనబడనంత నీడ. కింద నేలంత తెల్లగ ఉన్నది. వానకాలం గదా, దోమలకు పంచాయతీవాళ్ళు బ్లీచింగ్ పౌడర్ చల్లిండ్రనుకున్న. ఈ ఊరోళ్ళు శుభ్రం మంచిగ పాటిస్తరని మెచ్చుకోని, సరిగ్గ ఆ తెలుపు నడుమ కారు పెట్టిన. తాళం ఏసి, ఒకటికి రెండుసార్లు చూసుకోని, కెమెరా పట్టుకోని కట్ట మీదికి ఎక్కిన.

ఏమున్నదో తెలుసా అక్కడ. తల్లి కొంగ వచ్చి వాలంగనే పిల్లలు దాని ముక్కు పట్టుకోని గుంజుతున్నయి. అది గొంతుల నుంచి చాపను కక్కి పెడుతున్నది. పక్క కొమ్మ మీద నీటికాకి రెక్కలు చాపుకోని ఆరబెట్టుకుంటున్నది. ఒకటే గోల. ఎనక దిక్కు నుంచి గూడ గోల వినబడింది. చెరువు గదా, సౌండు కట్టకు తాకి తిరిగొస్తున్నదనుకున్న. లెక్కల సారుకు ఫిజిక్స్ అంతదాకనే.

ఇంతల ఒక కొంగ నా నెత్తి మీదికెల్లి పోయింది. నోట్లె పచ్చని ఆకు. గూట్లె పరుసుకునేందుకు ఆకులు, పుల్లలు తీస్కపోతయి గద. క్లిక్. ఇంకోటి పోయింది, దాని నోట్లె పుల్లకు ఎర్ర రిబ్బన్ ఎలాడుతున్నది. క్లిక్. మూడోదాని నోట్లె తొడిమెతోని గులాబి పువ్వు. క్లిక్, క్లిక్, క్లిక్. ఇసొంటి ఫొటో జన్మకు ఒకటి దొరుకుతది. ఏ ఊరి కొంగలో గాని ఎంత టేస్టు ఉన్నది వీటికి అని సంబురపడ్డ. పోటీకి పంపితే ఏం పేరు పెట్టాలె అని గూడ ఆలోచిస్తున్న.

అప్పుడు సునీత ఫోన్ చేసింది. సునీత అంటే మా ఆవిడ.

"ఏడున్నరు?"

"దారిలనే ఉన్న."

"కారు మంచిగున్నదా? బాపు అడుగుతున్నడు."

"ఫస్ట్ క్లాస్" అన్న. అనుకుంట అనుకుంటనే కెమెరా తెర మీద ఆ రిబ్బన్ ఫొటోను పెద్దగ చేసి చూస్తున్న. ఎర్ర రిబ్బన్. అంచుకు వెండి జరీ. పొద్దుగాల బానెట్ మీద డెకరేషన్ ఆయన ముడేస్తుంటే, కొస గట్టిగ పట్టుకున్నది నేనే.

"మళ్ళ చేస్త" అని ఫోన్ పెట్టేసి ఉరికిన.

నీళ్ళల్ల చెట్లు దొరకని కొంగలన్నీ ఈ చింతచెట్ల మీదనే కాపురం పెట్టినయి. అది బ్లీచింగ్ పౌడర్ కాదు. నల్లకారు మీద నలుపు ఎతుక్కోవాల్సి వచ్చింది. రెట్టలు అద్దం మీద పడ్డయి, టాపు మీద పడ్డయి, డోరు హ్యాండిల్‌ను గూడ ఇడువలే. బానెట్ మీద పువ్వుల బొకే ఉన్నకాడ స్పాంజి ముక్క మిగిలింది. దాని పక్కన సగం అరిగిన చాపపిల్ల ఒకటి. నేను చూస్తుండంగనే ఒక కొంగ దిగి, మిగిలిన పుల్ల గుంజుకోని, నా దిక్కు ఒకసారి చూసి లేచిపోయింది. లెన్స్ పెట్టుకోని దూరం ఉన్నయి చూసిన గని, నెత్తి మీద ఏమున్నదో తల ఎత్తి చూడలే.

బాటిల్ల చెరువు నీళ్ళు తెచ్చి, దస్తీతోని తుడుసుడు మొదలుపెట్టిన. అది పోతలేదు, పరుసుకుంటున్నది. నల్లకారు బూడిద రంగుకొచ్చింది. ముంగట తుడిస్తే ఎనక పడుతున్నది. ఎనకకు పోతే ముంగట. నా పెండ్లి అంగీ గూడ ఆ రంగుకే వచ్చింది. అప్పుడు పాలక్యాన్ల బండి మీద ఒకాయన వచ్చి ఆగిండు.

"పెండ్లి కారా సారూ?"

"అవునన్నా."

"పెండ్లెప్పుడైంది?"

"ఇయ్యాల్నే ఉన్నది."

ఆయన కారును చూసిండు, నన్ను చూసిండు, పైకి చెట్టును చూసిండు. "మరి ఎండల పెట్టుకోని కడుగరాదు?" అన్నడు.

నిజం చెప్తున్న, ఎండల పెట్టాలన్న ఆలోచన నాకు అప్పటిదాక రాలే. ఎందుకంటే పువ్వులు వాడిపోతయని నా మనసుల ఉన్నది.

కడిగేందుకు టైం మిగల్లే, అట్లనే తీస్కపోయిన. ఇంటి ముంగట బ్యాండోళ్ళు నన్ను దూరం నుంచి చూసి వాయించుడు షురూ చేసిండ్రు. దగ్గరికి వచ్చినంక ఒక్కొక్కరే బంద్ చేసిండ్రు. నవీన్ బాసింగం కట్టుకోని గడపలనే నిలబడ్డడు.

"బావా, ఇదేంది?"

"కొంగలు" అన్న.

"ఎన్ని కొంగలు బావా?"

సునీత నా దిక్కు చూస్తలేదు, అది ఇంకా భయం. మా మామ కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగిండు. ఊరంతా చూస్తున్నది. ఒక్క మాటన్నా తిడితే బాగుండు అనిపించింది. చుట్టాల ముంగట ఆయన తల దించేటట్టు చేసిన్నని నాకు నిజంగనే బాధైంది. ఆయన మాత్రం "నీళ్ళు తెండ్రి" అన్నడు, అంతే.

ఆడోళ్ళు సర్ఫ్ కలిపిండ్రు. మొగోళ్ళు పైపు పట్టిండ్రు. ఇంటి గుమ్మానికి కట్టిన బంతిపూల దండ తెంపి బానెట్‌కు కట్టిండ్రు. నేను గూడ ఒక బట్ట పట్టుకోని లేచిన. "మీరు కూసోండ్రి" అన్నరు. రోజూ ఒకరో ఇద్దరో అంటుండె. ఈసారి అందరూ ఒక్కసారే అన్నరు.

కారు మెరిసింది. పిలగాన్ని ఎక్కించినం. ఏసీ ఏసినంక తెలిసింది, ఇంకొక చాపపిల్ల అద్దం కింద జాలీలకు జారిపోయి కనబడకుండ ఉన్నదని. లోపట ఎండుచాపల దుకాణం తెరిచినట్టయింది. అద్దాలు దించుకోని పోయినం. గాలికి నవీన్ జుట్టు లేచి నిలబడ్డది. ఎదురుకోలుకు వచ్చిన పిల్ల మేనమామ కారు డోరు తెరిచి, జర ఎనకకు జరిగి, తన పక్కనున్నాయన్ని అడిగిండు, "మన వంటలైతే కూరగాయలే గద?" అని.

ఆ దినమంతా మా మామ నన్ను ఏమీ అనలే. పదహారు రోజుల పండుగకు ముందు తనే ఫోన్ చేసిండు. ఇప్పుడు తిడతడు కావచ్చు అని ఫోన్ చెవుకు జర దూరం పెట్టుకున్న.

"బిడ్డా, పండుగకు తప్పకుండ రావాలె. నీ కెమెరా గూడ తెచ్చుకో" అన్నడు.

నా పానం లేచొచ్చింది. మామ మనసుల ఏమీ పెట్టుకోలే, మళ్ళ నాకు ఒక పని ఒప్పజెప్తున్నడు. "తెస్త మామా. ఎవరెవరియి తియ్యాలె?" అన్న.

"మనుషులయి కాదు బిడ్డా. మా ఊరి చెరువుకాడ గూడ కొంగలున్నయట. బస్సు దిగి సీదా అక్కడికే పో. నీ అన్నం అక్కడికే పంపిస్త. చుట్టాలందరు ఎల్లిపోయినంక మనిషిని తోలుత, అప్పుడు ఇంటికి రా."

పోయిన. కట్ట మీద నా కోసం కుర్చీ ఏసి పెట్టిండ్రు. అన్నం వేడివేడిగ వచ్చింది, రెండు రకాల కూరలతోని. ఏ ఇంట్ల జరుగుతది చెప్పుండ్రి, అల్లునికి ఇంత మర్యాద.