ముందు ఏ భాగం మార్చాలి

ఆయన డ్రైవరు ఉద్యోగం ఆ కంప్యూటర్ వల్లే పోయిందని ఆ ఇంట్లో ఇప్పటికీ ఒక మాట ఉంది. అది సరికాదు. ఉద్యోగం ఎలాగూ నిలిచేది కాదు. ఆ సంగతి అందరికంటే ముందు బయటపెట్టింది మాత్రం కంప్యూటరే.

డిపోలో ఆయన్ని నిదానం అని పిలిచేవారు. మాట నిదానం, నడక నిదానం, బ్రేకు అంతకన్నా నిదానం. నిలబడ్డ ప్రయాణికుడి చేతిలో నిండు గ్లాసున్నా తొణక్కుండా తీసుకెళ్తాడని చెప్పుకునేవారు. సర్వీసంతా సిటీ రూట్ల మీదే గడిచింది. ఆయన బస్సు కింద ఎవరూ పడలేదు, ఆయన చేతిలో ఒక్క అద్దం పగల్లేదు. బండి జబ్బు చెప్పడంలో కూడా ఆయనకు పేరుండేది. డ్యూటీ దిగి తిన్నగా ఫిట్టరు దగ్గరికి వెళ్ళి, "వెనక ఎడమ చక్రం బ్రేకు ఒక్క క్షణం ఆలస్యంగా పడుతోంది, చూడు" అనేవాడు. విప్పి చూస్తే అదే తేలేది. అందుకని ఆయన ఏ యంత్రాన్ని తప్పుపట్టినా ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. లోపం యంత్రంలోనే వెతికేవారు. ఆ నమ్మకమే ఆ ఇంటిని నెలల తరబడి తప్పుదారిన తిప్పింది.

కంప్యూటర్ ఆయన బామ్మర్దిది. అతనికి కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే చిన్న షాపుంది. పెళ్ళికి ముందు గేముల పిచ్చిలో ఒక్కో భాగం ఏరుకుని కూర్చిన పెట్టె అది. పెళ్ళయ్యాక దాన్ని మేనకోడలి చదువుకని అక్క ఇంటికి చేర్చాడు. మేనకోడలు కొన్నాళ్ళు వాడి ఫోనుకి మరిగింది. కుర్చీ నాన్నకి దక్కింది. అందులో బస్సు నడిపే గేమ్ ఒకటుండేది. సిగ్నళ్ళు, మలుపులు, స్టాపుల్లో ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అన్నీ ఉండేవి. బామ్మర్ది ఎక్కడో పాత స్టీరింగు, పెడళ్ళు సంపాదించి బల్లకి బిగించి ఇచ్చాడు.

ఉన్న ఒక్క ముందుగదిలో ఒక మూల ఆ బల్ల, కిటికీ పక్కన భార్య కుట్టుమిషను. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

"పొద్దున్నుంచి తోలింది చాలదా మీకు?" అనేది ఆమె.

"ఈ బస్సులో ఎవరూ ఫుట్‌బోర్డు మీద వేలాడరే. హాయిగా ఉంటుంది" అనేవాడు.

ఒకరోజు బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నీ పెట్టె మధ్యలో నిలబడిపోతోంది. బొమ్మ ఆగిపోతోంది. మళ్ళీ కదిలేసరికి బస్సు ఫుట్‌పాత్ ఎక్కి ఉంటోంది."

"ముసలిదైపోయింది బావా. మార్చాలి."

"మొత్తమా?"

"మొత్తం మార్చేకన్నా కొత్తది కొనుక్కోవచ్చు. ఒక్కోటి మారుద్దాం. ముందు ఏది అన్నదే చూడాలి."

ఆ ఆదివారం ముగ్గురూ పెట్టె పక్క రేకు విప్పి చుట్టూ కూర్చున్నారు. దుమ్ము దూదిలా వచ్చింది. కూతురు గ్రాఫిక్స్ కార్డు ముందు మార్చాలంది. బొమ్మ గీసేది అదే కదా, బొమ్మ ఆగితే తప్పు దానిదే అని ఆమె వాదన. బామ్మర్ది హార్డ్ డిస్కు, మెమరీ అన్నాడు. పెద్ద ఊరి బొమ్మను పాత డిస్కు సకాలంలో అందించలేకపోతోందని అతని అనుమానం. ఇద్దరూ అయ్యాక నిదానం కరెంటిచ్చే డబ్బా మీద వేలు పెట్టాడు.

"ముందు ఇది. షెడ్డులో మాకు బ్రేకులు ముందు, స్టీరింగు తర్వాత, ఇంజను ఆ తర్వాత. కదలని బండి ఎవర్నీ చంపదు. ఆగని బండి చంపుతుంది."

"ఇదేమీ బల్ల మీంచి దూకి ఎవర్నీ చంపదులే నాన్నా."

"నవ్వకే. బావ చెప్పింది నిజమే" అన్నాడు బామ్మర్ది. "కొత్త కార్డు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఈ డబ్బా దాన్ని తట్టుకోదు. ఇది కాలిందంటే పక్కనున్నవన్నీ వెంట తీసుకుపోతుంది."

అలా వరస కుదిరింది. ముందు పవర్ సప్లయ్, ఫ్యాను. తర్వాత డిస్కు, మెమరీ. కార్డు ఆఖర్న. జీతం వచ్చినప్పుడల్లా ఒకటి.

తమాషా ఏమిటంటే మార్చిన ప్రతి భాగమూ పనిచేసింది. సప్లయ్ మార్చాక హఠాత్తుగా ఆరిపోవడం మానేసింది. డిస్కు మార్చాక, ఆయన మొహం కడుక్కుని వచ్చేలోపే గేమ్ తెరుచుకుని ఉండేది. "నా మిషనుకి ఒక చుక్క నూనె వెయ్యమంటే తీరికుండదు, దానికి మాత్రం రాజభోగం" అని భార్య దెప్పేది. అయినా మార్చిన కొన్నాళ్ళకే ఆయన ఫోన్ చేసి, కాస్త మొహమాటంగా, "ఇంకా ఆగుతోందిరా" అనేవాడు. బామ్మర్ది షాపుకి మోసుకుపోయి ఎంతసేపు నడిపినా అది ఆగేది కాదు.

"నా దగ్గర బుద్ధిగానే ఉంటోంది బావా. నీ దగ్గరే గారాలు పోతోంది."

"గారం చేస్తే అంతే మరి."

ఆఖరికి కార్డు కూడా వచ్చింది. ఎవరో వాడిందే కానీ బాగుంది. ఆ సాయంత్రం గేములో వాన కురిసింది. అద్దం మీద చినుకులు విడివిడిగా జారడం ఆయన అంతకుముందు చూడలేదు. వైపర్లు వేయకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. వారం తిరక్కుండానే మళ్ళీ ఫోను: "ఆగింది."

ఈసారి బామ్మర్ది పెట్టె మొయ్యలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చి, తెర మూలన ఒక అంకె కనపడేలా పెట్టాడు. బొమ్మ ఎంత జోరుగా మారుతోందో చెప్పే అంకె అది. బొమ్మ నిజంగా ఆగితే అది పడిపోవాలి.

"నువ్వు నడుపు బావా. నేను దాన్నే చూస్తుంటా."

రెండు స్టాపులు సాఫీగా దాటాయి. వంతెన దిగి వెడల్పాటి రోడ్డు మీదికి వచ్చాక బస్సు మెల్లగా ఎడమకి ఒరిగింది. కమ్మీలను రాసుకుంటూ పోయింది, ఫుట్‌పాత్ ఎక్కింది, స్టాపు రేకుల్ని గుద్దింది. అంకె ఎక్కడా పడలేదు. బామ్మర్ది తల తిప్పి చూశాడు. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి కానీ ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి. ఏదో రుచి చూస్తున్నట్టు పెదాలు కొద్దిగా కదులుతున్నాయి.

"బావా" అన్నాడు. పలకలేదు. కుర్చీ వెనక నిలబడ్డ కూతురు, "నాన్నా" అంది. దానికీ పలకలేదు.

కాసేపటికి ఆయన రెప్పలు కొట్టుకున్నాయి. తెర చూసి ఇటు తిరిగాడు. మెకానిక్కు ఎదుటే జబ్బు పట్టుబడితే డ్రైవరుకి కలిగే తృప్తి ఆ మొహంలో ఉంది.

"చూశావా? ఆగింది."

"చూశాను బావా."

"ఇప్పుడు ఏది మార్చాలి?"

"ప్రాసెసర్" అన్నాడు బామ్మర్ది. నోటికొచ్చింది అదొక్కటే.

"నేనూ అదే అనుకుంటున్నా."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. స్కూటర్లో తాళం పెట్టి తిప్పలేదు. తెల్లారితే బావ చేతిలో ఉండేది ప్లాస్టిక్ చక్రం కాదు. మళ్ళీ మెట్లెక్కాడు. వస్తాడని తెలిసినట్టు మేనకోడలు తలుపు వెయ్యకుండా నిలబడి ఉంది.

"బావా, రేపు డ్యూటీ ఉందా?"

"ఫస్టు ట్రిప్పే. ఏం?"

"వెళ్ళకు."

నిదానం స్టీరింగు మీంచి చేతులు తీశాడు.

"కంప్యూటర్ ఆగితే బస్సు కూడా ఆగాలి కదా బావా. బస్సు ఆగలేదు. రోడ్డు దిగింది."

అంతకన్నా విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. యంత్రాల సంగతి తెలిసిన మనిషి. నడిపిందంతా తిరిగి చూపించే వీలు గేములో ఉంది. "వెనక్కి తిప్పి వెయ్యి" అన్నాడు. బయటి నుంచి బస్సు కనపడింది. ఎక్కడా తడబాటు లేకుండా, ఎవరికీ సంబంధం లేనట్టు, పక్కకి జరుగుతూ పోయింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ చూశాడు.

"ఈ డ్రైవర్ని దించెయ్యాలి" అన్నాడు.

"డాక్టరు దగ్గరికి పోదాం బావా. మందులుంటాయి."

"మొన్న స్కూలు దగ్గర స్టాపు దాటేశాను. కండక్టరమ్మ నవ్వింది, ఏంటి గురూ కలలు కంటున్నావా అని. నేనూ నవ్వాను."

కుట్టుమిషను చప్పుడు ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు. భార్య చేతిలో గుడ్డ అలాగే ఉంది.

"నేనేదన్నా చెప్తుంటే మీరు అలాగే ఉండిపోయేవారు" అంది. "కళ్ళు నా మీదే ఉండేవి. మాట ఉండేది కాదు."

"ఎప్పుడు?"

"చాలాసార్లు. కోపం అనుకున్నాను. నా మాటంటే లెక్క లేదనుకున్నాను. అడిగితే, ఎప్పుడూ, నేనెప్పుడలా ఉన్నాను అనేవారు. మొహమ్మీదే అబద్ధం చెప్తున్నారనుకున్నాను."

కొంతకాలంగా ఆమె కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోతోంది. ఏదైనా చెప్పబోయి సగంలో మానేస్తోంది. ఆ పట్టింపు ఎందుకో ఆయనకు తెలియదు. అడగడం ఆయన స్వభావం కాదు. ఇద్దరూ ఒక గదిలో చెరో యంత్రం ముందు కూర్చుని అన్ని సాయంత్రాలు గడిపారు.

మర్నాడు ఆయన మామూలు బట్టల్లో, టికెట్ కొనుక్కుని, డిపోకి వెళ్ళాడు. మేనేజరుకి ఆయనంటే ఇష్టం. తలుపు దగ్గరగా వేసి, "ఎవరితోనూ అనకు. సెలవు పెట్టు, మందులు వాడు, తగ్గాక వచ్చి బండెక్కు" అన్నాడు.

"తగ్గిందని ఎవరు చెప్తారు సార్? నాకు తెలీదు. అది వచ్చినప్పుడు నేనుండను."

పరీక్షలు అదే చెప్పాయి. మెదడులో ఒక మూల పుట్టే మూర్ఛ, మనిషి కింద పడడు, కొట్టుకోడు, కాసేపు ఉండడు, అంతే. లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. డిపోలోనే స్టోర్స్‌లో వేశారు. గీతలున్న నీలం కోటు వేసుకుని ఫిట్టర్లకి బ్రేకు లైనింగులు, బోల్టులు అందిస్తాడు. పాత అలవాటు కొద్దీ ఎవరైనా వచ్చి, "ఈ బండి చప్పుడు ఒకసారి విను గురూ" అంటే, "తోలినవాణ్ణి అడుగు" అంటాడు. లోపలి అరల వైపు తిరుగుతాడు.

స్టీరింగు బల్ల మీంచి ఆయనే విప్పాడు. మరలన్నీ ఒక సీసాలో వేసి బామ్మర్దికి ఇచ్చాడు. ప్రాసెసర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కంప్యూటర్ ఇప్పుడు కూతురి చదువుకే. అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి ఆమె ఇంట్లో అనదు.

మందులతో తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సాయంత్రాలు ఆయన కుర్చీ కుట్టుమిషను పక్కకి జరిగింది. భార్య కుడుతూ చెప్తుంది: ఎవరు జాకెట్టు తిరగ్గొట్టారు, ఎవరి కొలతలు మారాయి, పైవాటా వాళ్ళు నీళ్ళ కోసం ఏమన్నారు. ఆయన వాక్యం వాక్యానికీ ఊఁ కొడతాడు. వెనకటి కన్నా గట్టిగా, అవసరం లేనిచోట కూడా కొడతాడు. ఒక్కోసారి ఊఁ రాదు. పెడలు మీద ఆమె కాలు ఆగిపోతుంది. తలెత్తి, ఏమీ అనకుండా, ఆయన వంకే చూస్తూ కూర్చుంటుంది. మళ్ళీ ఊఁ వినపడ్డాక, ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి కాదు, ఆ కబురంతా మొదట్నుంచి చెప్తుంది.