కడ్డీ లోపలుంటేనే గ్రీజు

రేవు పక్క రేకుల షెడ్డులో మోటారు పడవల స్టీరింగులు బాగుచేసే ఆవిడను అందరూ స్టీరింగక్క అనేవారు. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. నిజంగా అలా పిలవాల్సినవాడు మాత్రం ఆరేళ్లుగా ఆ ఛాయలకే రాలేదు.

ఆవిడ పని చూడ్డానికి చిన్నదే. పడవ ముందున్న చక్రం తిప్పితే లోపలి ఉక్కు తీగ కదులుతుంది. ఆ తీగ వెనక మోటారు దగ్గరున్న కడ్డీని గొట్టంలోకి లాగుతుంది, లేదా బయటికి తోస్తుంది. కడ్డీ కదిలితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే పడవ తిరుగుతుంది. గొట్టంలో పాత గ్రీజు గట్టిపడకముందే తుడిచి కొత్తది ఎక్కించాలి. అదీ కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లాకే. బయట ఉండగా ఎక్కించారో, ఖాళీ గొట్టమంతా గ్రీజు నిండిపోయి కడ్డీ వెనక్కి రావడానికి చోటుండదు. చక్రం బిగుసుకుపోతుంది. షెడ్డులోకి ఎవరొచ్చినా ఆవిడ ముందు ఈ మాటే చెప్పేది. ఎందుకంత పట్టింపో మాత్రం చెప్పేది కాదు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు కూర్చుని చక్రం తిప్పాలి, ఇంకొకరు వెనక వంగి కడ్డీని చూడాలి. పూర్వం ముందు సీటు తమ్ముడిది. "తిప్పరా" అని ఆవిడ అరిస్తే "తిప్పానక్కా" అనేవాడు. ఇప్పుడు ఆవిడే ముందుకెళ్లి తిప్పి, వెనక్కొచ్చి చూసి, మళ్లీ ముందుకెళ్లేది. ఎవరినైనా పెట్టుకోరాదా అంటే "నా కాళ్లకేం రోగం?" అని కసిరేది, మోకాలికి కట్టు కట్టుకుని మరీ.

తల్లి పోయాక ఆవిడ చేతుల మీద పెరిగినవాడు తమ్ముడు. అవతలి గట్టుకు జనాన్ని చేర్చే పడవ నడిపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు అక్క తీర్చేది, ఆవిడ నోరు ఇద్దరికీ సరిపోయేది.

ఆరేళ్ల కిందట ఒకరోజు పడవ నిండా జనం, ఆలస్యమైపోతోందని ఒకటే గోల. ఆవిడ గబగబా గ్రీజు ఎక్కించి "ఇంక పోరా" అంది. పడవ రేవు వదిలి పక్కకు తిరిగింది, తిరిగింది మళ్లీ తిన్నగా కాలేదు. గానుగెద్దులా చుట్టు తిరిగొచ్చి రేవు స్తంభాన్నే గుద్దింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. పక్క కమ్మీ వంగింది, ఒకాయన గొడుగు నీళ్లపాలైంది.

"అక్కా, చక్రం వెనక్కి రాలేదు" అన్నాడు వాడు.

"నా చెయ్యి పడ్డ చక్రం రాకపోవడమేంట్రా? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే!"

జనం ఘొల్లున నవ్వారు. వాడు అక్క చేతిలోని గ్రీజు గన్ను చూశాడు, వెనక్కి తిరిగి బయటికి పొడుచుకొచ్చిన కడ్డీని చూశాడు. పడవ యజమాని తాళం లాక్కున్నాడు. ఆ సాయంత్రమే వాడు సంచీ సర్దుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు. పొగరు అనుకుని ఆవిడ వెనకాల వెళ్లలేదు.

మర్నాడు గొట్టం విప్పితే కడ్డీకి ఎదురుగా కొత్త గ్రీజు ముద్దగా కూరుకుని ఉంది. ఆవిడ ఎవరూ చూడకుండా గుడ్డతో తుడిచేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. పనిమంతురాలన్న పేరు మీద అంత మమకారం. తమ్ముడికన్నా ఎక్కువా అంటే, ఆ ఒక్కరోజూ ఎక్కువే అయింది. ఆ తర్వాత ప్రతిరోజూ వాడి గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోయేది. వెతుకుదామంటే ఎక్కడున్నాడో తెలియదు. తెలియకపోవడమే నయమనిపించిన రోజులూ ఉన్నాయి. మనిషి బుద్ధి అలాంటిది.

ఇటీవల ఆ పడవకు కొత్త డ్రైవరు వచ్చాడు. నోరు మూతపడదు కనుక రేడియో అని పేరు పెట్టారు. పడవను షెడ్డుకు తెచ్చి, అడక్కుండానే ముందు సీట్లో కూర్చున్నాడు. ఆవిడ లెమ్మనేలోపే చక్రం తిప్పేశాడు.

"కడ్డీ పూర్తిగా లోపలికెళ్లిందేమో చూడండక్కా, అప్పుడే గ్రీజు" అన్నాడు.

"నాకే చెప్తున్నావా? నీకెవరు నేర్పారది?"

"ఇంతకుముందు నేను చేసిన రేవులో ఒకాయనున్నాడులెండి. మూగనోము పట్టినట్టుంటాడు. రోజూ పడవ తీసేముందు తనే వెళ్లి కడ్డీ చూసుకుంటాడు. మెకానిక్కు చూశాడు కదయ్యా అంటే, 'ఎంత తెలిసినవాళ్లయినా ఒక్కరోజు మర్చిపోతారు, మా అక్కే మర్చిపోయింది' అంటాడు. ఆవిడంత పనిమంతురాలు ఏ రేవులోనూ లేదని మళ్లీ ఆయనే అంటాడు."

ఆవిడ పానా కింద పెట్టింది. రేడియో దగ్గర తమ్ముడి ఫోను నంబరు రాయించుకుంది. కానీ ముందు రేవుకు నడిచింది. టికెట్ల బల్ల దగ్గర యజమాని ఉన్నాడు, వరసలో జనం ఉన్నారు.

"ఆరోజు మీరు లాక్కోవాల్సింది మా తమ్ముడి చేతిలో తాళం కాదు, నా చేతిలో గ్రీజు గన్ను. తప్పు నాది" అంది, అందరికీ వినపడేలా.

"ఇప్పుడెందుకమ్మా అదంతా?"

"అప్పుడు చెప్పలేదు కాబట్టి."

అక్కడే నిలబడి ఫోను చేసింది. అవతల "ఎవరూ?" అన్న గొంతు వినగానే అనుకున్నవన్నీ మర్చిపోయింది.

"ఒరే, ఆరోజు కడ్డీ బయటుందిరా."

అవతల మోటారు చప్పుడు ఆగింది.

"తెలుసక్కా. నువ్వొస్తావేమోనని ఆరోజు రెండు బస్సులు వదిలేశాను. మూడోది ఆఖరు బస్సు."

ఆవిడ మణికట్టుతో కళ్లు తుడుచుకుంది. గ్రీజు అంటుకుని ఇంకా మండాయి.

"మీ రేవుకి ఇక్కణ్ణుంచి మొదటి బస్సు ఎన్నింటికిరా?" అని అడిగింది.