అమ్మ నొప్పి చిరునామా

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిరిగింది అమ్మ నొప్పే. సోమవారం మెడలో ఉంటే బుధవారానికి నడుములోకి దిగేది, శుక్రవారం మోకాళ్లలో బస చేసేది. అది ఎక్కడుందో అమ్మను అడగాల్సిన పనే లేదు. పసుపు ముద్ద పట్టు ఎక్కడ వేసుకుంటే అక్కడే. ఆర్మూర్‌లో ఉండేవాళ్లం, పసుపుకు కరువా? పచ్చ మరక అంటని చీర ఆమె పెట్టెలో పెళ్లిచీర ఒక్కటే.

బాపు పసుపు కొని అమ్మే వ్యాపారి. పొద్దున్నే చెప్పులేసుకుంటూ, "ఇయ్యాల ఏడున్నదే?" అని నవ్వుతూ అడిగేవాడు. ఆమె నోరు విప్పేలోపే గేటు చప్పుడయ్యేది. అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు చూసి, నొప్పి ఉత్తదేనని పిల్లలమంతా అనుకునేవాళ్లం.

బాపుకు తన చూపు మీద మహా నమ్మకం. రైతు కుప్ప పోయగానే ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి ధర చెప్పేసేవాడు. విరిచి చూశాక ఇక మాట లేదు. దవాఖానలో అమ్మ నడుముకు ఎక్స్‌రే తీసినప్పుడూ అంతే. ఫిల్మును వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, లోపల మంచిగానే ఉందని తీర్పిచ్చేశాడు. మెడ ఫిల్ముకూ అదే తీర్పు.

అప్పటినుంచి అమ్మ పట్టును కొంగు కింద దాచుకోవడం మొదలుపెట్టింది. ఒకనాడు బియ్యం ఏరుతూ నన్ను అడిగింది: "నేనే మనసుల పుట్టించుకుంటున్ననా?"

తొంభైల్లో, నాకు ఉద్యోగం వచ్చాక, ఆమెను నిజామాబాద్‌లో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన ఒంటి మీద అక్కడక్కడ వేలితో నొక్కి చూశాడు, నిద్ర పడుతుందా అని అడిగాడు. ఎముకల్లో తప్పేమీ లేదట. ఒంట్లోని నొప్పి కబురు మెదడుకు చేరేటప్పుడు దాని జోరు తగ్గించే రసాయనాలు కొన్ని ఉంటాయట, సెరటోనిన్ లాంటివి. అవి తక్కువపడితే చిన్న కబురు కూడా పెద్దగా వినిపిస్తుందట, ఎవరో రేడియో గొంతు పెంచి వదిలేసినట్టు. దాని పేరు ఫైబ్రోమయాల్జియా. అంత పొడుగు పేరున్న జబ్బు మా వాడకట్టులో ఇంకెవరికీ లేదు.

తగ్గుతుందా అని నేను అడగబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"అయితే సారు, నొప్పి ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నదమ్మా. నిజంగనే ఉన్నది."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ దుఃఖం ఆగలేదు. తిరిగి వస్తుంటే మాక్లూర్‌లో బస్సెక్కి పక్కన కూర్చున్న ఒకావిడకు, తన మెదడులో ఏమేం తక్కువో ఆర్మూర్ దాకా చెప్పుకుంటూ వచ్చింది, కొత్త నగల ముచ్చట చెప్పినట్టు.

ఇంటికి రాగానే బాపు ముందు నిలబడింది. "ఎక్స్‌రేల కనిపియ్యదట. గని ఉన్నదట."

లోపలికి చూసినా దొరకనిది ఒకటుందని ఒప్పుకోవడం బాపు వ్యాపారంలో అంత సులువు కాదు.

రాత్రిపూట వేసుకోమని డాక్టరిచ్చిన చిన్న గోలీలతో పోనుపోను అమ్మకు నిద్ర కుదిరింది, నొప్పి కొంత నెమ్మదించింది. దాని తిరుగుడు మాత్రం మానలేదు. కానీ నాకు బాగా గుర్తున్నది డాక్టరుకు చూపించి వచ్చిన మర్నాటి పొద్దు. బాపు చెప్పులేసుకుంటూ ఎప్పటిలాగే, "ఇయ్యాల ఏడున్నదే?" అన్నాడు. అమ్మ అలవాటుగా నవ్వి ఊరుకుంది.

గేటు చప్పుడు కాలేదు. అమ్మ తలెత్తి చూసింది. బాపు చెప్పులు విప్పేసి గడప మీద కూర్చున్నాడు, జవాబు కోసం.