లోడు మీద ట్రయల్

మా సైకిలు గొలుసు జారడం మొదలుపెట్టింది నా వల్లేనని ఊరంతా అనుకుంది. ఊరంటే మా రైల్వే క్వార్టర్ల వరస. ఖరగ్‌పూర్‌లో మాకు ఆ వరసే ఊరు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చి నాకింకా నిండా నెల్లాళ్ళు కాలేదు. ఒక ఆదివారం మా ఆయన నన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని బజారుకు బయల్దేరారు. పూరీ గేట్ దగ్గర పట్టాలు దాటేచోట రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. అక్కడ ఆయన లేచి నిలబడి పెడలు గట్టిగా నొక్కారు. కటక్‌మంది. పెడలు ఖాళీగా కిందికి జారిపోయింది, సైకిలు ఊగిపోయింది, నేను సంచీతో సహా రోడ్డు మీదికి దూకేశాను. పడలేదు. కానీ గేటు దగ్గర నిలబడ్డ మా వరస ఆడవాళ్ళు చూడనే చూశారు.

సాయంత్రానికి కబురు మా గుమ్మం దాకా వచ్చింది. "ఏటప్పా, కొత్త కోడలు బరువుకి సైకిల్ గొలుసు ఆగనేదంట కదా!" అని పక్కింటావిడ మా అత్తగారిని పలకరించి మరీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేదాన్ని అప్పట్లో. "నానేటి బియ్యం బస్తానా?" అని వంటింట్లోంచే అన్నాను. గట్టిగానే అన్నాను. కొత్త కోడలికి అంత నోరేమిటని మా అత్తగారు తిడతారనుకున్నాను. ఆవిడ పాన్ నములుతూ సైకిలు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ సైకిలు మా మామగారిది. వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి, నేను రాకముందే పోయారు. మా ఆయనా అదే వర్క్‌షాపులో ఫిట్టరే. మా ఇల్లు ఒక గది, ఒక వరండా, వంటకు ఇంత చోటు. గదికి అడ్డంగా పాత చీర కట్టి ఉండేది. ఇటు మేమిద్దరం, అటు అత్తగారూ ఇద్దరు మరుదులూ. నేను పక్కకు ఒత్తిగిలితే గాజులు చప్పుడై అవతల ఎవరో దగ్గేవారు. ఇక మాటలేం మాట్లాడతాం? పెళ్ళయి వచ్చాక నా మొగుడి గొంతు నేను సరిగ్గా విన్నది ఆ ఆదివారమే, ఆ సైకిలు మీదే. అంతలో ఈ కటక్.

"ఒరే నాయినా, ఆ గొలుసు బాగుపడిందాక కోడల్ని ఎక్కించకు. కాలో సెయ్యో ఇరిగితే ఆళ్ళ అమ్మకి నానేటి సెప్పాల?" అన్నారు అత్తగారు.

నా ప్రాణం ఉసూరుమంది. మా ఆయన గోడవైపు చూస్తూ, "ఎక్కించకపోతే జబ్బు కనపడదమ్మా," అన్నారు. "నాను ఒక్కడినీ తొక్కితే సక్కగా ఎల్తంది. లోడు మీదే జారతంది. లోడు నేకుండా ట్రయలేటి?"

ట్రయల్ అనే మాటకు ఆ ఇంట్లో ఎంత విలువో నాకు అప్పుడు తెలియదు. బాగుచేసిన ఇంజన్ని లోడు మీద నడిపి చూడకుండా లైను మీదికి వదలరు. ఆ సంగతి రైల్వే ఇంట్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. మా అత్తగారు పాన్ నమలడం ఆపారు. "ట్రయలయితే ఎల్లాల్సిందే," అన్నారు. "మెల్లగా తొక్కు."

అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. పొద్దున్న ఆయన వరండాలో సైకిలు తిరగేసి పని చేసేవారు. సాయంత్రం ట్రయల్.

మొదట వెనక చక్రం నట్లు వదులుచేసి, చక్రాన్ని వెనక్కి లాగి గొలుసు బిగించారు. ఎత్తు దగ్గరికి రాగానే కటక్. తర్వాతి వారం గొలుసు ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టి, ఒక్కొక్క లింకూ వేళ్ళ మధ్య వంచి చూశారు. బిగుసుకుపోయిన లింకు ఒకటి దొరికింది. దొంగ దొరికాడని ఆయన సంబరపడ్డారు. ఆ సాయంత్రం కూడా కటక్. లింకుదే దోషమైతే గొలుసు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా లెక్కగా జారుతుందట. ఇది బరువు పడ్డప్పుడు మాత్రమే జారుతోంది. ఆయన దిగి, గొలుసు వైపు చూసి తల గోక్కునేవారు. "పోన్లెండి, వచ్చే ఆదివారం చూద్దురు," అని నేను ఎంతో ఓదార్పుగా అనేదాన్ని. లోపల నా సంతోషం ఆ భగవంతుడికే తెలియాలి.

వెనక కూర్చుంటే మొగుడి మొహం కనపడదు, వీపు కనపడుతుంది. అదెంత మేలో! ఎదురుగా మొహం చూసి మాట్లాడాల్సి వస్తే ఏడాది పట్టేదేమో నాకు. వీపుతో మాట్లాడటం సులువు. సుభాష్‌పల్లి సందుల్లోంచి పోతుంటే బొగ్గుల పొయ్యిల పొగ మోకాలెత్తున పరుచుకుని ఉండేది, చక్రాలు కనపడేవి కావు. మేము నేల మీద పోతున్నామో మబ్బు మీద పోతున్నామో తెలిసేది కాదు. ఏదో ఇంట్లో శంఖం ఊదేవారు, ఇంకో ఇంట్లో ఆడపిల్ల హార్మోనియం మీద ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వాయించేది. దూరంగా యార్డులో ఇంజను ఆవిరి వదిలితే తెల్లటి ముద్ద లేచి, ఎర్రటి ఆకాశంలో నెమ్మదిగా విడిపోయేది. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. నిద్రలో ఉన్నట్టే ఉండేది. ఇప్పటికీ ఆ సాయంత్రాలు నిజంగా జరిగాయా అనిపిస్తుంది ఒక్కోసారి.

"నీకేటిష్టం?" అని ఒకరోజు వీపు అడిగింది. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఏం చెప్పాలో తోచక, "పచ్చి జీడిపప్పు కూర," అన్నాను. ఆయన అంత నవ్వుతారనుకోలేదు, సైకిలు కాలవలోకి పోబోయింది. తర్వాత తనకు ఇంజను డ్రైవరు కావాలని ఉండేదనీ, కళ్ళ పరీక్షలో పోయిందనీ చెప్పారు. అమ్మకు కూడా చెప్పలేదట ఆ దిగులు. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి. నాకు జాలేసింది. ఈ మనిషి నావాడు అనిపించింది, మొదటిసారి.

అందుకే ఈ జబ్బు నయం కాకూడదని కోరుకునేదాన్ని. జబ్బు ఉన్నన్నాళ్ళే ట్రయల్. బాగైపోతే ఏ వంక పెట్టి బయటికి పోతాం? మొగుడూ పెళ్ళాం ఊరికే షికారు పోతే మా వరస ఊరుకునేదా? ఆయనకా, లోపం ఉన్న యంత్రం ఎదురుగా కనపడితే అన్నం సహించదు. అలాంటివాడికిచ్చారు నన్ను.

చివరికి ఆయన కొత్త గొలుసే కొనుక్కొచ్చారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన మేకుకు వేలాడదీసి నన్ను పిలిచి చూపించారు. లింకులు సమానమే, పాతది కాస్త కిందికి దిగి ఉంది. "సాగిపోనాది సూడు! ఇదే అసలు జబ్బు," అన్నారు. ఆ సాయంత్రం ఇదే ఆఖరి ట్రయల్ అనుకుంటూ ఎక్కాను. సుభాష్‌పల్లి కూడా చేరలేదు. కటక్, కటక్, కటక్. ఎత్తు లేకపోయినా జారింది. పెడలు నొక్కితే చాలు జారింది. పాత గొలుసే నయం.

ఆయన దిగి రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నారు. అంత దిగాలు మొహం నేనెప్పుడూ చూడలేదు. నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. వెనక చక్రం ఎత్తిపట్టుకోమన్నారు, పట్టుకున్నాను. పెడలు చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తున్నారు.

"కొత్తది పెడితే ఎక్కువవడమేటండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలని. "మందేస్తే జొరం పెరిగినట్టు."

ఆయన చెయ్యి ఆగిపోయింది. వంగి, గొలుసు పక్కకు తప్పించి, వెనక చక్రం మధ్యలో గొలుసు పట్టుకునే ఫ్రీవీలు పళ్ళ మీద బొటనవేలు నడిపారు. "ఇటు రా. సూడు," అన్నారు. పళ్ళన్నీ ఒకవైపుకు ఒంగి, మొనదేలి, కొడవలి మొనల్లా ఉన్నాయి. "గొలుసు ఒక్కటే అరగనేదు. రెండూ కలిసి అరిగినాయి. సాగిన గొలుసు ఈ పళ్ళలో ఎలాగో ఇమిడిపోనాది. కొత్త గొలుసు ఈటిలో కూకోదు, ఎగిరి పడతాది. పెడళ్ళ కాడి పళ్ళ చక్రం బాగానే ఉన్నాది. ఫ్రీవీలు మార్చాల." ఆయన మొహం వెలిగిపోతోంది. నా మొహం ఎలా ఉందో ఆయన చూడనే లేదు.

"పోనీ పాత గొలుసే ఏసేద్దురూ," అన్నాను.

"జబ్బు తెలిసినాక ఒగ్గేస్తే నాకు నిద్రట్టదు."

నాకు తిక్క రేగింది. చక్రం టక్కున కింద పెట్టాను. "నిద్ర పట్టాలి మీకు! అది బాగైపోతే మనం ఎక్కడ మాటాడుకుంటాం? ఆ చీర ఎనకాలా?" అన్నాను. అనేశాక ఏడుపొచ్చింది. సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాం.

ఆ వారంలోనే ఫ్రీవీలు మార్చేశారు. ఆదివారం ట్రయల్‌కు వెళ్ళాం. పూరీ గేట్ ఎత్తు దగ్గర ఆయన నిలబడి తొక్కినా గొలుసు నూనెలో జారినట్టు నడిచింది. చప్పుడన్నదే లేదు. ఇద్దరం దొంగల్లా తిరిగొచ్చాం. "బాగైపోనాది," అని ఆయన తల్లితో చెప్పారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. నేను వంటింట్లో గిన్నెల మీద నా కోపం చూపించాను.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం ఆయన వరండాలో ఊరికే సైకిలు తుడుస్తున్నారు. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. శంఖం వినపడింది. ఒక్కసారి కళ్ళు నిండిపోయి, రాయేదో బియ్యమేదో తెలియలేదు.

అత్తగారు వచ్చి నా ముందు కూర్చున్నారు. చేతిలో పాత ఫ్రీవీలు. చెత్తలోంచి తీసినట్టున్నారు, మసి తుడిచి ఉంది. "ఇది అరిగినాది ఇప్పుడనుకుంటన్నారా?" అన్నారు. "మొదట్నాడు నువ్వు దిగి రాంగానే నాకు తెలిసినాది. ఈ కటక్ నాకు తెల్దా? నీకన్నా ముందు ఆ కేరియర్ మీద కూకున్నది నానే కదే."

మా ఆయన తుడవడం ఆపారు. "మరి సెప్పనేదేటమ్మా?"

"సెప్తే ఒక్క ఆదివారంతో అయిపోయీది." ఆవిడ ఆ పళ్ళ మీద వేలు నడిపారు. "మాకూ ఇలాటి గదే. మా అత్త అటు తొంగునేది. ఈ పళ్ళు అరిగినాయని మీ నాన్నకి తెల్దనుకున్నావేటి? అంత ఫిట్టరుకి తెల్దా? అడిగినోళ్ళందరికీ గొలుసు జబ్బు, గొలుసు జబ్బు అని సెప్పీవోడు. మార్సనే నేదు పోయిందాక."

ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను. నేను ఇన్నాళ్ళూ ఆవిడ కళ్ళు కప్పుతున్నాననుకున్నాను.

ఆవిడ నా ఒళ్ళోంచి చేట లాక్కున్నారు. "లే. కొత్త సామాను ఏసినాక ఊరికే గోడకి ఆనించి ఉంచేత్తారేట్రా? కొన్నాళ్ళు లోడు మీద నడిపితేనే కదా అది కుదురుకునీది? తీసుకెల్లు దీన్ని."

మా ఆయన ఎంత అమాయకులంటే, ఆ మాట నిజంగా సైకిలు గురించే అనుకున్నారు. "ఎన్నాళ్ళు నడపాలమ్మా?" అని అడిగారు.

"పళ్ళు అరిగిందాక," అన్నారు మా అత్తగారు.